సొరుగులో దాచిన ఏడు ట్యూబులు

ఈసారి ఉత్తరం రాసినావిడ పేరు వద్దన్నారు. వయసు 53. ఉద్యోగం మానేశాక బొమ్మలు వేయడం మొదలుపెట్టి, ఒక మాస్టారి దగ్గర నేర్చుకుంటున్నారు. మొదటి రోజే ఆయన నాలుగు కేసీన్ (పాల ప్రోటీన్ జిగురుగా ఉండే రంగు) ట్యూబులు చేతిలో పెట్టి, “ఏడాది పాటు ఐదో ట్యూబు జోలికి పోవద్దు” అన్నారట. అల్ట్రామెరైన్ బ్లూ, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి బ్రౌను), టైటానియం వైట్. అంతే. ఎనిమిది నెలల్లో ఆ నాలుగింటితోనే 31 ల్యాండ్‌స్కేపులు వేశారు.

రెండు నెలల క్రితం తోటి విద్యార్థి ఒకరు అప్పటిదాకా వేసిన బొమ్మలన్నిటినీ గోడకి ఆనించి చూసి, “అన్నీ ఒకే మధ్యాహ్నం వేసినట్టున్నాయండీ, అన్నిటి మీదా దుమ్ము పడ్డట్టుంది” అన్నారట. ఆ మాట గుచ్చుకుంది. ఎవరికీ చెప్పకుండా ఇంకో ఏడు ట్యూబులు కొన్నారు. కాడ్మియం యెల్లో, కాడ్మియం రెడ్, థాలో బ్లూ, థాలో గ్రీన్, ఐవరీ బ్లాక్, ఇంకో రెండు. వాటితో వేసిన బొమ్మల్లో ఆకుపచ్చ అరుస్తోందట. కొండ ఒకరు వేసినట్టు, చెట్లు ఇంకొకరు వేసినట్టు ఉన్నాయట. మాస్టారికి కనపడకుండా ఆ ట్యూబుల్ని సొరుగు అడుగున దాచారు. “ఈ వయసులో ఇదేం దొంగతనమో” అని తన మీద తనే విసుక్కున్నారు కూడా.

ఇంకో బాధ అక్క గురించి. సాగదీసిన కాన్వాస్ మీద మందంగా మేఘాలు వేసి అక్కకి ఇచ్చిన బొమ్మ ఆరు నెలల్లో పగుళ్ళిచ్చింది. అక్క ఏమీ అనలేదు. కానీ బొమ్మ ముందుగదిలోంచి పక్కగదిలోకి మారింది. ఇక మూడు నెలల్లో క్లాసు వాళ్ళ ప్రదర్శన ఉంది, మూడు బొమ్మలు ఇవ్వాలి. చివర్లో ఆవిడ ఇలా రాశారు:

“తడిగా ఉన్నప్పుడు కుదిరిందనుకున్న రంగు ఆరేసరికి వేరేలా ఉంటుంది. సరిచేయబోతే కింది పూత లేచి బురదవుతుంది. చెట్టు కింద నీడకి నీలం, బ్రౌను కలిపి కొంచెం తెలుపు వేస్తాను. ఎప్పుడూ అలాగే చేస్తాను, అయినా అది నీడలా ఉండదు. నాలుగు రంగుల్లోనే ఉండిపోవాలా, పదకొండుకీ వెళ్ళాలా, లేక అందరూ చెప్తున్నట్టు ఇదంతా వదిలేసి అక్రిలిక్ రంగులకి మారాలా? నేను మొండిదాన్నా, పిరికిదాన్నా?”

మీరు మొండివారో, పిరికివారో నాకు తెలీదు గానీ, ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయింది ‘కొంచెం తెలుపు’ అన్న చోట. ముందు దాని సంగతి చూద్దాం. మాస్టారు, అక్క, అక్రిలిక్ తర్వాత.

మీ 31 బొమ్మల్లోంచి ఏవైనా ఐదు తీసి వరసగా పెట్టండి. ఫోన్‌తో ఫోటో తీసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. రంగు పోయాక ఏం మిగిలిందో చూడాలి. ఆకాశం, కొండ, చెట్టు, గట్టు అన్నీ దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోయి కనిపిస్తే, మీ మిత్రుడు చూసిన దుమ్ము అదే. అది రంగులు తక్కువైనందువల్ల వచ్చింది కాదు. వెలుగుకీ నీడకీ మధ్య దూరం తక్కువైనందువల్ల వచ్చింది. నా అంచనా ఇదే. ఫోటోలో అలా లేకపోతే నా మాట తప్పని పక్కన పెట్టేయండి.

ఈ దూరం ఎందుకు తగ్గుతుందంటే, కేసీన్ స్వభావం కొంత, మన చేతి అలవాటు కొంత. పాలు విరిగినప్పుడు గడ్డకట్టే ప్రోటీనే కేసీన్. దాన్ని క్షారంతో కరిగించి రంగుపొడికి జిగురుగా వాడతారు. నీళ్ళతో పలచన చేసుకోవచ్చు, త్వరగా ఆరుతుంది, ఆరాక మెరుపు లేకుండా మ్యాట్‌గా, కింద ఉన్నదాన్ని కప్పేసేలా ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు నీటి పొర వల్ల ముదురు రంగు లోతుగా, నిండుగా కనిపిస్తుంది. నీరు ఆరిపోయి ఉపరితలం గరుకుగా మారగానే వెలుగు అన్ని వైపులకీ చెదిరి, అదే ముదురు రంగు తేలికైపోతుంది. అంటే మీ నీడలు వాటంతట అవే ఒక మెట్టు పైకెక్కుతాయి. దాంట్లో మళ్ళీ ‘కొంచెం తెలుపు’ పడితే ఇంకో రెండు మెట్లు ఎక్కుతాయి. టైటానియం వైట్ చాలా బలమైనది, ‘కొంచెం’ అనేదే దానికి తెలీదు. నీడ కాస్తా నడిమధ్య బూడిద రంగై కూర్చుంటుంది.

రేపు ఒక పని చేసి చూడండి. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా మాత్రమే, తెలుపు అసలు తగలకుండా, కడిగిన కుంచెతో కలపండి. ఇంచుమించు నలుపు వస్తుంది. ఒకటి నీలం, ఇంకొకటి నారింజ వైపు మొగ్గిన బ్రౌను కాబట్టి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నీలం కాస్త ఎక్కువైతే చల్లటి చీకటి, సియెన్నా ఎక్కువైతే వెచ్చటి చీకటి. చెట్టు మొదట్లో, గట్టు కింద నీళ్ళు తగిలే చోట ఆ వెచ్చటి చీకటిని ఒక్క గీతగా పెట్టి వదిలేయండి. మళ్ళీ ముట్టుకోవద్దు. బొమ్మలో మిగతావన్నీ ఆ గీత పక్కన ఒక్కసారిగా వెలుగులోకి వచ్చినట్టవుతాయి.

తెలుపు గురించి ఇంకో మాట. అది రంగుని తేలిక చేయడమే కాదు, చల్లబరుస్తుంది కూడా. దూరపు కొండకి ఇది వరం. దూరం పెరిగేకొద్దీ గాలి పొర అడ్డొచ్చి రంగులు చల్లబడతాయి, ముదురు, లేత తేడాలు తగ్గిపోతాయి. కాబట్టి కొండకి తెలుపు ధారాళంగా, నడుమ చెట్లకి పొదుపుగా, ముందున్న గట్టు నీడలకి సున్నా. సియెన్నాకి దీనికి ఉల్టా. ముందు ఎక్కువ, వెనక్కి వెళ్ళేకొద్దీ తక్కువ. మీ నాలుగు ట్యూబుల్లో తెల్లదాన్ని దూరం చూపించే ట్యూబు అనుకోండి. మీరు ముందున్న గట్టుకి కూడా దాన్నే వాడుతున్నారు, అందుకే గట్టు కూడా వెళ్ళి కొండ పక్కన నిలబడుతోంది.

ఆరాక రంగు మారడం గురించి పెద్ద టెన్షన్ అక్కర్లేదు, ఒక అలవాటు చాలు. బొమ్మ వేసే కాగితం లాంటిదే ఒక ముక్క పక్కన పెట్టుకోండి. కలిపిన రంగుని దాని మీద చిన్న మచ్చగా పెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, బొమ్మ పక్కన పట్టుకుని చూడండి. ఆరిన మచ్చ చెప్పిందే నిజం. మొదలుపెట్టే ముందే నాలుగైదు ముఖ్యమైన మిశ్రమాలు కుప్పలుగా కలుపుకుని, తడిపి మడిచిన బట్ట మీదో, టిష్యూ మీదో ఉంచి, మధ్యమధ్య స్ప్రే సీసాతో నీళ్ళు చిలకరిస్తే పాలెట్ మీద గట్టిపడవు. రోజుల తరబడి మాత్రం దాచకండి. పాల సరుకు కదా, బూజు పడుతుంది, వాసన వస్తుంది.

బురద సంగతి తేలికైనదే. కేసీన్ పూత ఆరినట్టు కనిపించినా కొంతకాలం దాకా తడి కుంచెతో రుద్దితే లేస్తుంది. పూర్తిగా గట్టిపడి నీటికి తట్టుకోవడానికి వారాలు పడుతుంది. మీరు సరిచేస్తున్నాననుకుంటూ కింది పూతని కలిపేస్తున్నారు. పై పూతకి నీళ్ళు తగ్గించి, రంగు చిక్కగా తీసుకుని, ఒక్కసారి పెట్టి చెయ్యి వెనక్కి తీసుకోండి. తప్పనిపిస్తే ఆరనిచ్చి పైన కప్పండి. కప్పడమే కేసీన్ బలం, రుద్దడం దానికి పడదు.

ఇప్పుడు నాలుగా, పదకొండా అన్న ప్రశ్నకి వద్దాం. మీ మిత్రుడి మాటలో సగం నిజం ఉంది. యెల్లో ఓకర్ ఇనుము కలిసిన మట్టి రంగు. అల్ట్రామెరైన్ కొంచెం ఊదా వైపు ఒరుగుతుంది. ఆ రెండూ కలిస్తే వచ్చే ఆకుపచ్చ ముదురాకు ఛాయ దాటి పైకి రాదు. లేత చిగురు పచ్చ మీ పాలెట్‌లో లేదు, ఎంత కలిపినా రాదు. అది మీ చేతకానితనం కాదు. కాబట్టి మీ ముందు కొన్ని దారులున్నాయి, దేని ఖర్చు దానికుంది.

మొదటి దారి, నాలుగుతోనే ఉండడం. మిగిలింది నాలుగు నెలలే. దీని లాభం ఏమిటంటే, ఏ రెండు రంగులు కలిపినా అవి ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి, బొమ్మలో తగాదా రాదు. నష్టం ఏమిటంటే, దృశ్యం ఎంచుకునే స్వేచ్ఛ కొంత పోతుంది. మబ్బు పట్టిన రోజు, పొద్దువాలే వేళ, ఎండిన గడ్డి, మంచు, రాళ్ళు, బురద నీళ్ళు, ఇవన్నీ మీ చేతిలో ఉన్నట్టే. వానల తర్వాత మెరిసే పచ్చిక లేనట్టే. ఇంకోటి, ఈ పాలెట్‌లో ఒక రంగు ఏమిటన్నది దాని పక్కన ఏముందో దాన్నిబట్టి ఉంటుంది. వట్టి బూడిద రంగుని సియెన్నా పక్కన పెట్టి చూడండి, నీలంగా కనిపిస్తుంది. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో చెప్పుకునే పాలెట్‌లో నీలమే లేదు. తెలుపు, యెల్లో ఓకర్, వెర్మిలియన్ ఎరుపు, ఐవరీ బ్లాక్, అంతే. నలుపే నీలం పని చేస్తుంది. అయితే జోర్న్ అవసరమైన చోట వేరే రంగులూ వాడాడు. ఆయన పేరు చెప్పుకునే వాళ్ళే ఆయన కంటే పట్టుదలగా ఉంటారు. మీ మాస్టారు ఏ రకమో మీకే తెలియాలి.

రెండో దారి, సంఖ్య మార్చకుండా ఒక రంగుని మార్చడం. ఓకర్ తీసేసి, సొరుగులో ఉన్న కాడ్మియం యెల్లో పెట్టండి. పచ్చదనం తలుపులు తెరుచుకుంటాయి. మెరిసే పసుపుని కొంచెం సియెన్నాతో అణిచి ఓకర్ దరిదాపుల్లోకి తేవచ్చు. ఓకర్‌ని మాత్రం ఏం కలిపినా కాడ్మియంలా మెరిపించలేం. అందుకే చాలామంది ప్రకృతి దృశ్యాలకి ఈ మార్పు చేస్తారు. ఖర్చేమిటంటే, ఓకర్ ఇన్నాళ్ళూ మీ బదులు అణకువ చూపించింది. ఇకనుంచి ఆ పని మీ చెయ్యి చేయాలి. మొదటి పది బొమ్మలు గోల చేస్తాయి. ప్రతి ఆకుపచ్చలోనూ ఒక చుక్క సియెన్నా పడాలన్న నియమం పెట్టుకుంటే గోల కొంత తగ్గుతుంది.

మూడో దారి, ఆ నాలుగూ ఉంచి ఐదోది చేర్చడం. ఒక్కటే, పది బొమ్మలు పూర్తయ్యేదాకా ఆరోది లేకుండా. ఇది నెమ్మదైన దారి గానీ, కొత్త రంగు ఏం చేస్తుందో మీకు స్పష్టంగా తెలుస్తుంది. చేర్చదలిస్తే థాలోలతో మొదలుపెట్టొద్దు. 1930లలో వచ్చిన ఈ రంగులకి మట్టి రంగులతో పోలిస్తే బలం విపరీతం. గుండుసూది తలంత థాలో గ్రీన్ ఒక కుప్ప ఓకర్‌ని మింగేస్తుంది. మీ బొమ్మల్లో అరుస్తున్నది అదేనని నా అనుమానం. కొండ పాత నాలుగు రంగుల్లో, చెట్లు థాలోలో వేసి ఉంటారు. అందుకే ఇద్దరు వేసినట్టుంది. ఆ బొమ్మల్ని కాపాడాలనుకుంటే, పాలెట్ మీద మిగిలిన బూడిద రంగు మిశ్రమాన్ని ప్రతి కొత్త రంగులోనూ కాస్త కలిపి చెట్ల మీద మళ్ళీ వేసి చూడండి. కుదరకపోతే బోర్డు మొత్తం కప్పేసి తిరిగి వాడుకోవచ్చు. నేనైతే కప్పేస్తాను.

పదకొండూ ఒకేసారి బయటికి తీయడం నాలుగో దారి. తప్పేం కాదు. కానీ ప్రదర్శనకి మూడు నెలలే ఉంది. పదకొండు రంగులు ఒకదానితో ఒకటి ఎలా ఉంటాయో తెలుసుకోవడానికి ఆ కాలం చాలదు. మీ టెన్షన్ కూడా పదకొండు రెట్లవుతుంది.

అక్రిలిక్ విషయం. ట్యూబుల్లో కేసీన్ 1930లలో మార్కెట్లోకి వచ్చింది, పత్రికలకి బొమ్మలేసేవాళ్ళు దాన్ని తెగ వాడారు. 1960ల చివరికల్లా అక్రిలిక్ దాని చోటు లాక్కుంది. కారణాలు లేకపోలేదు. అక్రిలిక్ పొర వంగుతుంది, కాన్వాస్ మీద పగలదు, ఆరాక తడి కుంచెతో లేవదు. మీ ఫిర్యాదుల్లో రెండు అక్కడ తీరిపోతాయి. కానీ ఆ వెల్వెట్ లాంటి మ్యాట్ తనం పోతుంది, ఆరిన అంచుని తడి కుంచెతో మెత్తబరిచే వీలు పోతుంది. నీడలో తెలుపు కలిపే అలవాటు మాత్రం మీతోపాటే వస్తుంది. ముందు ఆ అలవాటు తీరాక, అప్పటికీ మనసు అటే లాగితే మారండి.

ఇక మాస్టారు. ఆ నాలుగు ట్యూబుల నియమం మిమ్మల్ని కట్టేయడానికి పెట్టింది కాదనుకుంటాను. వెలుగునీడల మీద దృష్టి నిలవాలని పెట్టి ఉంటారు. కానీ ఆ సంగతి ఆయన మీకు విడమరచి చెప్పినట్టు లేదు. చెప్పకపోతే శిష్యులకి నియమం మాత్రమే కనిపిస్తుంది. మీరు మౌనంగా ఏడాది పూర్తి చేయొచ్చు. అప్పుడు గొడవ ఉండదు, కానీ సొరుగు తెరిచినప్పుడల్లా మీకు గిల్టీగానే ఉంటుంది, పైగా కొత్త రంగులతో వచ్చిన చిక్కు గురించి ఆయన్ని అడగలేరు. లేదా ఆ అరిచే బొమ్మనే చేతిలో పట్టుకెళ్ళి, “మాస్టారూ, ఉండబట్టలేక కొన్నాను, ఇలా వచ్చింది, ఎందుకంటారు?” అని అడగొచ్చు. ఆయన నొచ్చుకోవచ్చు. రెండు క్లాసులు ముభావంగా ఉండొచ్చు. నవ్వనూవచ్చు, తమ పడుచుతనంలో తాము దాచుకున్న ట్యూబు కథ చెప్పనూవచ్చు. ఏదైనా ఓకర్ ఎందుకిచ్చారో, మెరిసే పసుపు ఎందుకివ్వలేదో తప్పక అడగండి. ఆయన దగ్గర కారణం ఉంటే అది మీకు ఉపయోగపడుతుంది. “ఏడాదంటే ఏడాదే” అని మాత్రమే అంటే, మిగిలిన నాలుగు నెలలు క్లాసులో ఆయన మాట, ఇంట్లో మీ ఇష్టం అని చెప్పే వయసు మీకుంది. నేనైతే ఆ బొమ్మ పట్టుకెళ్ళి అడగడం వైపే మొగ్గుతాను. మీ మాస్టారిని చూసింది మీరు, నేను కాదు.

ప్రదర్శనకి నాకు తోచింది చెప్తాను. ‘ఒకే మధ్యాహ్నం’ అన్నారు కదా, ఆ మాటకి బొమ్మలతోనే జవాబివ్వొచ్చు. ఒకే చోటు, ఒకే కోణం, మూడు వేళలు, అవే నాలుగు ట్యూబులు. తెల్లవారు మంచులో అంతా లేతగా, ముదురు అన్నదే లేకుండా. నడి ఎండలో తెల్లటి వెలుగు నుంచి నల్లటి నీడ దాకా మొత్తం మెట్లు. మునిమాపు వేళ అంతా కిందికి, నీళ్ళలో మాత్రం ఒక్క లేత పట్టీ. మూడూ పక్కపక్కన వేలాడితే రంగులు తక్కువని ఎవరికీ తట్టదు. రిస్కు ఏమిటంటే, మూడిట్లో ఒకటి చెడితే వరస చెడుతుంది. అందుకే మునిమాపుది ముందు వేయండి. ఆరాక తేలికపడిన చీకట్ల మీద మళ్ళీ ఒక పూత వేయడానికి రోజులు కావాలి. రంగుల వెరైటీ చూపించాలన్న కోరిక బలంగా ఉంటే ఈ సలహా వదిలేసి, రెండు పాతవి, కాడ్మియంతో ఒక కొత్తది ఇవ్వండి. అదీ నిజాయితీగానే ఉంటుంది.

మూడింటినీ బోర్డు మీదే వేయండి. లేదా మందపాటి వాటర్‌కలర్ కాగితాన్ని బోర్డుకి అతికించి వేయండి. కేసీన్ పొర ఆరాక పెళుసు. కాన్వాస్ వాతావరణాన్నిబట్టి సాగుతుంది, బిగుస్తుంది, చెయ్యి తగిలితే ఊగుతుంది. పైన ఉన్న గట్టి పొర దాంతో పాటు కదలలేక పగులుతుంది. మందంగా వేసిన చోటే ముందు పగులుతుంది, అందుకే మీ మేఘాలు పోయాయి. ఆ మ్యాట్ ఉపరితలం మీద గీతలు, వేలిముద్రలు కూడా తేలిగ్గా పడతాయి. మెరుపు తగులుతుందని బెంగ లేకపోతే వార్నిష్ వేయండి, లేదంటే మౌంటు పెట్టి, బొమ్మకి తగలకుండా అద్దం కింద ఫ్రేము కట్టించండి.

అక్క బొమ్మ పగుళ్ళలో రంగు పూసి లాభం లేదు, కింద కాన్వాస్ కదులుతూనే ఉంటుంది. చట్రం నుంచి ఊడదీసి బోర్డుకి అతికించే ప్రయత్నం ఇంట్లో చేస్తే ఇంకా రాలుతుంది. ఏమీ అనకుండా ఊరుకోవచ్చు, అక్కా ఊరుకుంటుంది, బొమ్మ పక్కగదిలోనే ఉంటుంది. కానీ ఆవిడ దాన్ని తీసేయలేదు, మార్చింది అంతే. మీరు బాధపడతారని మాట్లాడి ఉండరు. ఫోన్ చేసి, “అక్కా, అది నేను వేసిన పద్ధతి తప్పు, బోర్డు మీద అదే మళ్ళీ వేసి తెస్తాను” అనండి. కొత్తది ఇచ్చేటప్పుడు పాతది వెనక్కి అడిగి తెచ్చుకోండి. కొండ పలచగా వేసిన చోట పగుళ్ళు వచ్చాయో లేదో, మేఘం ఎంత మందం దాటాక చీలిందో కిటికీ దగ్గర వెలుగులో వంచి చూస్తే తెలుస్తుంది. మీరు కుంచె పట్టే బల్ల ఎదురుగా దాన్ని పెట్టుకోండి.